మొక్క నుంచి మందు దాకా: పేరుమోసిన శాస్త్రవేత్తల పనిలో కొత్తవాళ్ళు చూడాల్సింది ఏమిటి?

ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ముగుస్తోందనీ, న్యాచురల్ ప్రొడక్ట్స్‌లో (మొక్కలు, సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థాల మీద) పీహెచ్‌డీకి వెళ్దామనుకుంటున్నాననీ రాశారు. మలేరియా మందు ఆర్టెమిసినిన్, క్యాన్సర్ మందు టాక్సాల్, పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ కనిపెట్టినవాళ్ళ గురించి చదివితే అంతా అదృష్టంలా కనిపిస్తోందనీ, ల్యాబ్‌లో పనికొచ్చేది అందులో ఏమైనా ఉందా అనీ అడిగారు.

ఉంది. అదృష్టం పాలు కూడా ఉంది, కాదనను. కానీ జీవిత చరిత్రలు పక్కన పెట్టి వాళ్ళు రాసిన పేపర్లు చదవండి. చాలామంది పని మలుపు తిరిగింది ఒకే రకమైన చోట. టెస్టు ఒకటి చెబుతుంది, కెమిస్ట్రీ ఇంకొకటి చెబుతుంది, రెండూ పొసగవు. మిగతావాళ్ళు వదిలేసే ఆ తేడాను వీళ్ళు పట్టుకుని కూర్చున్నారు.

ముందు ఆర్టెమిసినిన్ కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యూయూ సంగతి చూద్దాం. 1969లో చైనా మలేరియా ప్రాజెక్టు 523లో బాధ్యత చేతికొచ్చేనాటికి ఆమెకు డాక్టరేట్ లేదు, విదేశాల్లో శిక్షణ లేదు. పాత గ్రంథాల నుంచీ వైద్యుల నుంచీ 2,000కు పైగా మందుల యోగాలు సేకరించి, వాటిలో 640 ఏరి ఒక సంపుటిగా కూర్చారు. సుమారు 200 మూలికల నుంచి 380కి పైగా ఎక్స్‌ట్రాక్టులు తీసి ఎలుకల మలేరియా మీద పరీక్షించారు. చింగ్‌హావ్ అనే మొక్క ఎక్స్‌ట్రాక్టు ఒకసారి 68 శాతం పనిచేసింది. మళ్ళీ చేస్తే 12 నుంచి 40 శాతం మధ్య ఊగింది.

ఇలాంటి అంకెలు వస్తే "రిపీట్ కావట్లేదు" అని నోట్‌బుక్కులో రాసి తర్వాతి మొక్కకు వెళ్ళిపోవడమే మామూలు. ఆమె మాత్రం తేడా ఎక్కడ పుడుతోందో వెతికారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ గ్రంథంలో, గుప్పెడు చింగ్‌హావ్‌ను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. మరిగించమని లేదు. అయితే వేడికే మందు పోతోందేమోనని అనుమానం వచ్చింది. దాంతో సుమారు 35 డిగ్రీలకే మరిగే డైఇథైల్ ఈథర్‌కు మారారు. ఆ ఎక్స్‌ట్రాక్టును క్షారంతో విడదీసి, మలేరియా మీద పనిచేయని, పైగా విషగుణం ఉన్న ఆమ్ల భాగాన్ని తీసేశారు, తటస్థ భాగాన్ని ఉంచుకున్నారు. 1971 అక్టోబరు 4న 191వ నంబరు శాంపిల్ ఎలుకల్లో పరాన్నజీవిని 100 శాతం అణిచింది. 1972లో స్ఫటికాలు చేతికొచ్చాయి, అదే ఆర్టెమిసినిన్. 156–157 డిగ్రీల దగ్గర కరిగే తెల్లని సూదులు, అణుభారం 282, లోపల ఒక పెరాక్సైడ్ వంతెన. ఆ వంతెన లేకపోతే మందు లేదు. అణువు నీళ్ళలో కరగదు కాబట్టి కషాయంలోకి దిగేదీ తక్కువే.

ఈ కథలో ఎవరూ పెద్దగా చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. 1973లో మొదటి రోగులకు మాత్రలిచ్చినప్పుడు ఫలితం నిరాశ కలిగించింది. అణువు తప్పనలేదు, మాత్రను చూశారు. అది సరిగ్గా విడిపోవట్లేదు. అదే పదార్థాన్ని క్యాప్సూల్‌లో పెట్టి ఇస్తే పనిచేసింది. ఫలితం రాకపోతే అణువును అనుమానించే ముందు అది గమ్యానికి చేరిందో లేదో చూడటం ఈ రంగంలో మొదట అలవాటు కావాలి. మన ప్లేటు టెస్టుల్లోనూ ఇదే జరుగుతుంది. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో చక్కగా కరిగిన శాంపిల్ కణాలు పెరిగే మీడియంలో పడగానే సన్నని పొడిగా దిగిపోతుంది, మనమేమో "యాక్టివిటీ లేదు" అని రాసుకుంటాం. ప్లేటులోని ఆ చిన్న గుంటను, అంటే బావిని, మైక్రోస్కోప్ కింద ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. డీఎంఎస్‌ఓ చివరికి 0.5 శాతం మించకూడదు. అంతే డీఎంఎస్‌ఓతో కంట్రోల్ బావి పక్కనే ఉండాలి.

ఈథర్ గురించి ఒక హెచ్చరిక. ఆమె వాడారు కదా అని పాత సీసా మూత తీయకండి. నిల్వ ఉన్న ఈథర్‌లో పెరాక్సైడ్లు పేరుకుంటాయి, ఆవిరి చేస్తే పేలతాయి. పొటాషియం అయొడైడ్ పరీక్ష చేయకుండా గాఢపరచవద్దు. చాలా పనులకు ఇథైల్ అసిటేట్ చాలు, రోటావాప్ (ద్రావణిని ఆవిరి చేసే యంత్రం) నీటి స్నానం 40 డిగ్రీలు దాటకుండా.

మొక్క పేరు ఇంకో చిక్కు. పాత గ్రంథాల్లో చింగ్‌హావ్ పేరుతో ఒకటికి మించి మొక్కలున్నాయి. ఆర్టెమిసినిన్ ఇచ్చింది ఆర్టెమీసియా యాన్యువా. అందులోనూ ఆకులే, కోసే కాలాన్ని బట్టి, పెరిగిన చోటును బట్టి పాళ్ళు మారతాయి. మన మాచిపత్రి అదే ప్రజాతి, జాతి వేరు. వాసన దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఒకటి తీసుకుంటే రెండేళ్ళ పని మట్టిలో కలుస్తుంది. అందుకే మొక్క ల్యాబ్‌లోకి వచ్చిన రోజే పూతతో ఉన్న కొమ్మను హెర్బేరియం షీటు చేసి, వృక్షశాస్త్రజ్ఞుడితో గుర్తింపు రాయించి, నంబరు వేయించుకోండి. కోసిన తేదీ, చోటు, ఏ భాగమో కూడా రాయండి. తర్వాత చేద్దామనుకునేసరికి దగ్గర పొడి మాత్రమే మిగిలి ఉంటుంది, పొడిని చూసి జాతి చెప్పడం కష్టం.

ఇక సర్పగంధ. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి అజ్మలిన్, ఇంకొన్ని ఆల్కలాయిడ్లను చక్కని స్ఫటికాలుగా తీశారు. అజ్మలిన్ తర్వాత గుండె లయ వైద్యంలో స్థానం సంపాదించింది, అది చిన్న విజయం కాదు. కానీ సర్పగంధకు తరతరాలుగా పేరున్నది నిద్ర, నెమ్మది కలిగించే గుణానికి. ఆ గుణం స్ఫటికాల్లో లేదు, మిగిలిపోయిన జిగురు భాగంలో ఉంది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో ముల్లర్, ష్లిట్లర్, బైన్ ఆ జిగురు వెంటపడి రిసర్పిన్ తీశారు. మధ్యలో ఇరవై ఏళ్ళు. సులువుగా స్ఫటికమయ్యేదే అసలు మందు అనుకోవడం కెమిస్టుల పాత బలహీనత. నా అభిప్రాయంలో ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువ సమయం వృథా అయ్యేది ఇక్కడే. కాలమ్‌లో (సిలికా పొడి నింపి పదార్థాలను విడదీసే గొట్టంలో) అందంగా విడిపోయిన పచ్చని బ్యాండు వెంట పోతాం. పనిచేసే పదార్థం వెనకాల గోధుమరంగు తోకలో ఉంటుంది.

దీన్ని తప్పించుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. ప్రతి దశలోనూ బరువును ఐసీ50తో (టెస్టులో సగం ప్రభావం చూపడానికి పట్టే గాఢతతో) భాగించండి. ఉదాహరణకు ముడి ఎక్స్‌ట్రాక్టు 20 గ్రాములు, ఐసీ50 మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు అనుకుందాం. 2 కోట్ల మైక్రోగ్రాములను 20తో భాగిస్తే 10 లక్షల యూనిట్లు. కాలమ్ తర్వాత మంచి ఫ్రాక్షన్ (విడదీసిన భాగం) 2 గ్రాములు, దాని ఐసీ50 4 అయితే 5 లక్షల యూనిట్లు. ఐసీ50 ఐదు రెట్లు మెరుగైందని సంబరపడతాం గానీ సగం సరుకు ఇంకెక్కడో ఉంది. అన్ని ఫ్రాక్షన్లూ కూడితే 8, 9 లక్షలు వస్తే పరవాలేదు. లక్షే వస్తే మూడు కారణాల్లో ఒకటి: సిలికా మీద పదార్థం విరిగిపోతోంది, లేదా రెండు పదార్థాలు కలిస్తేనే పనిచేస్తున్నాయి, లేదా ఆవిరి చేసేటప్పుడు ఎగిరిపోతోంది. ఫ్రాక్షన్లన్నిటినీ అదే నిష్పత్తిలో తిరిగి కలిపి టెస్టు పెట్టండి. యాక్టివిటీ తిరిగొస్తే కలిసి పనిచేస్తున్నట్టు. రాకపోతే పోయినట్టు.

సిలికా మీద విరుగుతోందో లేదో చూడటానికి టీఎల్‌సీ ప్లేటే (సిలికా పలచగా పూసిన పలకే) చాలు. చతురస్రపు ప్లేటు మూలలో చుక్క పెట్టి, ఒక వైపు నడిపి, ఆరబెట్టి, రెండు గంటలు వదిలేసి, 90 డిగ్రీలు తిప్పి అదే సాల్వెంటులో మళ్ళీ నడపండి. చెడని పదార్థాలన్నీ ఏటవాలు గీత మీదే ఉంటాయి. గీత పక్కన కొత్త చుక్కలు కనిపిస్తే అవి సిలికా పుట్టించినవి. అప్పుడు కాలమ్‌లో సిలికా బదులు సెఫాడెక్స్ ఎల్‌హెచ్-20కో, రివర్స్ ఫేజ్‌కో మారాలి. ఇందుకోసమే ప్రతి దశలోనూ కనీసం 50 మిల్లీగ్రాములు తీసి, ముదురు రంగు సీసాలో, మైనస్ 20 డిగ్రీల వద్ద దాచండి. లెక్క తప్పిన రోజున వెనక్కి వెళ్ళడానికి దారి అదొక్కటే.

బిళ్ళగన్నేరు సంగతి అందరికీ తెలిసిందే అయినా, సాధారణంగా చెప్పే తీరు సరిగా ఉండదు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ జమైకా నుంచి వచ్చిన ఆకుల్లో మధుమేహానికి మందు వెతుకుతున్నారు. నోటి ద్వారా ఇస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదిమందుగా ఇస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్‌తో చచ్చిపోయాయి. ఎక్స్‌ట్రాక్టు విషపూరితమని రాసేసి ముగించవచ్చు. వాళ్ళు రక్తం తీసి చూశారు, తెల్లకణాలు పడిపోయాయి. ఆ పడిపోవడాన్నే టెస్టుగా మార్చుకుని ఫ్రాక్షన్ల వెంట నడిచి 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును ప్రకటించారు. ఎలుక ఎందుకు చచ్చిందో చూడాలనుకోవడంలో అదృష్టమేమీ లేదు.

మోన్రో వాల్, మన్సుఖ్ వాణీ చేసిన పని నా దృష్టిలో ఈ రంగానికి పాఠ్యపుస్తకం. వాణీ మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టి, బొంబాయిలో చదివి, అమెరికాలో డాక్టరేట్ చేసి, నార్త్ కరోలినాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌లో వాల్‌తో చేరారు. 1966లో క్యాంప్టోథెసిన్ (ఇదీ క్యాన్సర్ మీద పనిచేసేదే), 1971లో టాక్సాల్. పసిఫిక్ యూ చెట్టు 12 కిలోల ఎండు సరుకు నుంచి దక్కింది సుమారు అర గ్రాము, అంటే 0.004 శాతం. ఆ అర గ్రాము కోసం క్రెయిగ్ కౌంటర్‌కరెంట్ పద్ధతిలో, ఘన పదార్థం ఏదీ తగలకుండా, రెండు ద్రవాల మధ్యే విడదీస్తూ పోయారు. నిర్మాణం దొరకడానికీ తిప్పలే. అణువును అలాగే ఎక్స్‌రేకు పెట్టే వీలు చిక్కక, మెథనాల్‌తో రెండు ముక్కలు చేసి, ఒకదానికి బ్రోమిన్, ఇంకొకదానికి అయొడిన్ తగిలించి, ముక్కలు విడిగా చూసి జోడించారు.

క్యాంప్టోథెసిన్ దగ్గర జరిగిన తప్పు ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. అణువు నీళ్ళలో కరగదు. క్లినికల్ పరీక్షలకు కరిగించాలి కాబట్టి సోడియం లవణంగా మార్చారు. క్షారం తగలగానే అందులోని లాక్టోన్ వలయం తెరుచుకుంటుంది, అలా తెరుచుకున్న రూపం బాగా కరుగుతుంది. కానీ పనిచేసేది మూసి ఉన్న వలయం. తెరుచుకున్న రూపం రక్తంలో ఆల్బుమిన్‌కు అతుక్కుపోతుంది, ఆమ్ల గుణమున్న మూత్రంలోకి వెళ్ళాక మళ్ళీ మూసుకుని మూత్రాశయాన్ని కోసేస్తుంది. అంటే పనిచేయాల్సిన చోట పనిచేయలేదు, చేయకూడని చోట చేసింది. పరీక్షలు ఆగిపోయాయి. 1985లో అది డీఎన్ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమును ఆపుతుందని తేలాక మళ్ళీ ఆసక్తి పుట్టింది. లాక్టోన్ చెడకుండా కరిగే గుణం తెచ్చిన టోపోటెకాన్, ఇరినోటెకాన్ 1996లో అమెరికాలో అనుమతి పొందాయి. కరగడం కోసం అణువును మార్చేటప్పుడు ఏ గుంపును ముట్టుకుంటున్నామో ముందే టెస్టు చేసుకోవాలి.

టాక్సాల్‌ను నిలబెట్టింది మాత్రం ఇంకొకరు. 1979లో సూసన్ హార్విట్జ్ అది మైక్రోట్యూబ్యూళ్ళను (కణ విభజనకు కావాల్సిన సన్నని గొట్టాలను) విడిపోనివ్వదని చూపారు. బిళ్ళగన్నేరు మందులు వాటిని అల్లుకోనివ్వవు, ఇది విప్పనివ్వదు. పనిచేసే తీరు కొత్తదని తెలిశాకే అంత తక్కువ దిగుబడి ఉన్న మందు కోసం శ్రమపడటానికి జనం ముందుకొచ్చారు. సరఫరా చిక్కును ఫ్రాన్స్‌లో పియరీ పోతియే బృందం తీర్చింది. యూరోపియన్ యూ ఆకుల్లో కిలోకు సుమారు గ్రాము దాకా దొరికే 10-డీఅసిటైల్ బక్కాటిన్-3 నుంచి మిగతాది ల్యాబ్‌లో కట్టవచ్చని చూపారు. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది, ఆకు మళ్ళీ వస్తుంది. మీ మొక్కలోనూ వేరులో యాక్టివిటీ కనిపిస్తే అక్కడే ఆగకండి, అదే మొక్క ఆకును కూడా పక్కన పెట్టి చూడండి.

యల్లాప్రగడ సుబ్బారావు గారిని మందుల వీరుడిగా చెప్పుకుంటాం గానీ, కెమిస్టుగా ఆయన చూపు ఎక్కడ తెలుస్తుందంటే ఫాస్ఫరస్ పద్ధతిలో. 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలో ఫాస్ఫేటుకు ఆమ్ల మాలిబ్డేట్ కలిపి, అమినోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు గాఢతే కొలత. కండరపు రసంతో చేస్తే రంగు ఆలస్యంగా ముదిరింది. పక్కనున్న స్టాండర్డు సీసాలో వెంటనే తేలిన రంగు, ఇందులో మెల్లగా ఎక్కుతూ పోయింది. రీడింగ్ తీసే సమయం పెంచేసి సరిపెట్టుకోవచ్చు. వాళ్ళు అలా చేయలేదు. ఆ ద్రావణంలోనే ఏదో విరుగుతూ ఫాస్ఫేటును మెల్లగా వదులుతోందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం వెంట నడిచింది కూడా ల్యాక్టోబాసిలస్ కేసియై అనే బ్యాక్టీరియా ఎదుగుదలను కొలమానంగా పెట్టుకునే. 1945లో సంశ్లేషణ, ఆ అణువును కొద్దిగా మార్చి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందులు.

ఇక ఐవర్‌మెక్టిన్. సాతోషి ఒమురా టోక్యోలో రాత్రి బడిలో పాఠాలు చెబుతూనే పై చదువు చదివినవారు. ఆయన బలం మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతులను విడదీసి పెంచడం. విలియం క్యాంప్‌బెల్ బలం పురుగులున్న ఎలుకల మీద టెస్టు. కవానా గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టి నుంచి వచ్చిన ఒక జాతి ద్రవం ఆ టెస్టులో నిలిచింది, అక్కడి నుంచే అవర్‌మెక్టిన్. దాని ఒక జంట బంధాన్ని హైడ్రోజన్‌తో నింపితే ఐవర్‌మెక్టిన్. 2015 నోబెల్‌లో సగం తు యూయూకు, మిగతా సగం వీళ్ళిద్దరికీ. ఇద్దరిలో ఎవరూ రెండో పనిలో నిపుణులు కారు, పీహెచ్‌డీకి గైడును ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. టెస్టు ఇంట్లోనే ఉందా, వేరే విభాగానికి పంపాలా, ఫలితం ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడగండి. వారంలో వస్తే ఆ ఫలితం చూసి కాలమ్ నడపవచ్చు. మూడు నెలలైతే మీరు చీకట్లో ఫ్రాక్షన్లు తీస్తూ పోతారు, చివరికి థీసిస్ అంతా తెలిసిన స్టెరాల్‌లూ ఫ్లేవనాయిడ్‌లతోనే నిండుతుంది.

మన దేశపు కెమిస్టులు అసీమా చటర్జీ, టి.ఆర్. శేషాద్రి పని చదవమని ప్రత్యేకంగా చెబుతాను. 1933 నుంచి వాల్తేరులో శేషాద్రి గారి బృందం పత్తిపూల ఫ్లేవనాయిడ్ల నిర్మాణాలు తేల్చింది ఎన్ఎంఆర్ (అణువులో హైడ్రోజన్లు, కార్బన్లు ఎక్కడున్నాయో చూపే యంత్రం) లేకుండా. అణువును విరగ్గొట్టి, ముక్కలు గుర్తించి, తిరిగి కట్టి, రెండూ ఒకటేనని మిశ్రమ ద్రవీభవన స్థానంతో (రెంటినీ కలిపినా కరిగే డిగ్రీ తగ్గదని చూపి) రుజువు చేశారు. చటర్జీ గారు 1944లో కలకత్తాలో డీఎస్సీ పొంది, ఇండోల్ ఆల్కలాయిడ్ల మీద దశాబ్దాలు పనిచేశారు. ఆ పేపర్లలో వాదన కట్టే తీరు చూస్తే స్పెక్ట్రమ్‌ను కంప్యూటర్ చెప్పినట్టు నమ్మేయడం తగ్గుతుంది.

స్పెక్ట్రమ్‌ల దగ్గర కొత్తవాళ్ళు పడే గుంటలు కొన్ని ఎప్పుడూ అవే. మాస్ స్పెక్ట్రమ్‌లో (అణుభారం చూపే స్పెక్ట్రమ్‌లో) 391, 149 కనిపిస్తే అది మొక్కది కాదు, ప్లాస్టిక్ ట్యూబుల థాలేట్. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 1.25 దగ్గర మొద్దు శిఖరం గ్రీజు, 0.07 సిలికాన్ గ్రీజు. మెథనాల్‌లో మరిగించిన ఎక్స్‌ట్రాక్టులో "కొత్త" మిథైల్ ఎస్టర్ దొరికితే ముందు ఇథనాల్‌తో మళ్ళీ తీసి చూడండి. ఇథైల్ ఎస్టర్ వస్తే రెండూ మీరు తయారుచేసినవే. బెర్బెరిన్ రకం ఆల్కలాయిడ్లు అమ్మోనియా సమక్షంలో అసిటోన్‌తో జతకడతాయి. ఎంజైము టెస్టులో అన్నీ పనిచేస్తుంటే టానిన్లేమో చూడండి, పాలీఅమైడ్ గుండా పంపితే పోతాయి. కణాల టెస్టులో ముడి ఎక్స్‌ట్రాక్టుకు 20, శుద్ధ పదార్థానికి 4 మైక్రోగ్రాములు (మిల్లీలీటరుకు) అనే పాత ఎన్‌సీఐ (అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ) హద్దు ఇప్పటికీ మంచి కొలబద్ద. 200 దగ్గర పనిచేసేదాని వెంట ఏళ్ళు పెట్టకండి.

చేరేలోపు చేయి తిరగాలంటే మిరియాల నుంచి పిపరిన్ తీయండి. 10 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల 95 శాతం ఇథనాల్‌లో రెండు గంటలు రిఫ్లక్స్ చేసి (ఆవిరి చల్లబడి తిరిగి పడేలా మరిగించి), వడగట్టి, 10–15 మిల్లీలీటర్లకు తగ్గించండి. 10 శాతం ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్ 10 మిల్లీలీటర్లు వెచ్చగా కలిపితే అడుగున మడ్డి దిగుతుంది, పైతేట తీసుకోండి. ఇక్కడ ఎక్కువసేపు మరిగిస్తే అమైడ్ విరిగి పిపరిక్ ఆమ్లపు లవణం వస్తుంది, అందుకే వెచ్చన చాలు. తర్వాత నీళ్ళు చుక్కచుక్కగా, మసక తేలేదాకా మాత్రమే. ఒక్కసారిగా పోస్తే నూనె బొట్లు దిగి స్ఫటికం కట్టదు, అలా అయితే కొద్దిగా ఇథనాల్ వేసి వేడిచేసి మళ్ళీ మొదలుపెట్టండి. రాత్రంతా కదపకుండా ఉంచితే పసుపు సూదులు. ద్రవీభవనం 128–130 మధ్య ఉండాలి, 120 దగ్గరే మెత్తబడితే మడ్డి మిగిలింది. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 5.97 దగ్గర రెండు హైడ్రోజన్ల ఒంటరి శిఖరం, 6.43 దగ్గర 14.7 హెర్ట్జ్ జంట శిఖరం చూడండి. అదే ద్రావణాన్ని రెండు రోజులు వెలుతురులో ఉంచి మళ్ళీ స్పెక్ట్రమ్ తీస్తే పక్కన చిన్న కొత్త శిఖరాలు మొలుస్తాయి. వెలుతురుకు జంట బంధాలు తిరిగి పుట్టిన ఐసోమర్లవి, మొక్కవి కావు.